ఇంటి సీసాలు

నీలిరంగు పరుచుకున్న ఆ గుండ్రటి వెలుగులో ఒక ఎర్రటి పుల్ల కనిపించింది. పక్కనే ఇంకొకటి. మైక్రోస్కోపు మర కొంచెం తిప్పాను. మరో రెండు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి ఉన్నాయి. రోజూ చూసేవే కాబట్టి చెయ్యి అలవాటు కొద్దీ పెన్సిలు అందుకుంది. అప్పుడు స్లైడు అంచున గీసిన గుర్తు చూశాను. అది ఏ రోగిదీ కాదు. ఆ రోజు పొద్దున నేను ఇంటి నుంచి తెచ్చిన సీసాది. మా పాపది.

పక్క బల్ల దగ్గర నాతో పనిచేసే అక్క ఏదో చెబుతోంది. నేను ఊ కొడుతున్నాను గానీ ఒక్క మాట చెవికెక్కలేదు.

మా చుట్టాలమ్మాయి ఒకతె బీఎస్సీ ముగించి ఇలాంటి ల్యాబులోనే చేరబోతూ, "పిన్నీ, ఆ సీసాలు, ఆ పురుగులు, నీకు భయం కాలేదా?" అని మొన్న అడిగింది. ఆమె కోసం, ఆమెలా చేరబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మా ఆయనకు బదిలీ అయి తార్నాక వదిలినప్పుడే నేను ఉద్యోగమూ వదిలాను. పిల్లలింకా చిన్నవాళ్లు. వాళ్లు పడుకున్నాకే నాకు కలం దొరుకుతుంది. భయమైందా అంటే, అయింది. ఆ భయం వల్లనే ఒక పని సరిగ్గా చేయగలిగానని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

మా ల్యాబు యూనివర్సిటీ ఆవరణలో ఒక రాతి భవనం వెనుక ఉండేది. తార్నాకలో మేం అద్దెకున్న ఇంటి నుంచి నడిచే వెళ్లేదాన్ని. క్షయ అనగానే అందరికీ ఊపిరితిత్తులే గుర్తొస్తాయి, దగ్గు గుర్తొస్తుంది. అదే క్రిమి నెత్తుటిలో పడి ప్రయాణం చేసి కిడ్నీలో, మూత్రాశయంలో, ఆడవాళ్ల గర్భసంచిలో, మగవాళ్ల బీజాల్లో ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా కూర్చుంటుందని చాలామందికి తెలియదు. దగ్గు ఉండదు. ఒంటికి పోసేటప్పుడు మంట, నడుము పక్కన నొప్పి, అంతే. మూత్రంలో చీము కనిపిస్తుంది, కానీ మామూలు పరీక్షలో ఏ క్రిమీ మొలకెత్తదు. అలాంటివాళ్లను ఆసుపత్రి వాళ్లు మా దగ్గరికి పంపేవాళ్లు.

ఈ క్రిమికి ఒక మొండితనం ఉంది. ఎర్రరంగు పోసి వేడి చేస్తే పీల్చుకుంటుంది. ఆ పైన యాసిడ్ పోసినా రంగు వదలదు. మిగతావన్నీ వదిలేసి, చివర పోసే నీలిరంగులోకి మారిపోతాయి. నీలం మీద ఎరుపు కనబడిందా, అదే. ఒక్కో రంగు పోశాక స్లైడును నల్లా కింద కడుగుతాం. ఇంతకంటే గట్టి పరీక్ష గినీపిగ్గుది. మూత్రం అడుగున దిగిన మడ్డిని దానికి సూదితో ఎక్కించి, వారాల తరబడి ఆగి, కోసి, లోపల క్షయ మచ్చలున్నాయేమో చూడాలి. ఆగే ఓపిక లేని డాక్టర్లు మా స్లైడు మీద ఆధారపడేవాళ్లు.

గినీపిగ్గులు అక్క బాధ్యత. ఆమె నాకంటే పెద్దది, నాలాగే బీఎస్సీ. పల్లె నుంచి మిషన్ హాస్టల్‌కు వచ్చి చదువుకున్న మనిషి. వాటికి కొత్తిమీర కాడలు వేస్తూ, "తినుండ్రి, మీదే భాగ్యం. వంట లేదు, అత్త లేదు," అనేది. ఆమె అత్త సంగతి మా ల్యాబు మొత్తానికీ తెలుసు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక మా స్లైడుల్లో ఎర్రపుల్లలు ఎక్కువయ్యాయి. ల్యాబు నడిపే మా ప్రొఫెసర్ సార్ ముఖం వెలిగిపోయింది. ఈ జబ్బు మనవాళ్లు అనుకునేదానికంటే ఎక్కువమందిలో ఉందని ఆయన ఎప్పటి నుంచో అంటున్నారు. ఇప్పుడు స్లైడులే ఆయన తరఫున సాక్ష్యం చెబుతున్నాయి. మాకూ గర్వంగానే ఉండేది. పని దొరికింది, పనికి ఫలితం దొరికింది. ఫలితం మనకు నచ్చినట్టే వస్తుంటే ఎవరు మాత్రం అనుమానిస్తారు?

అలా ఎర్రపుల్లలు కనిపించినవాళ్లలో మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చే ఒకావిడ ఉండేది. చిన్న వయసు, చంకలో చంటిపిల్ల. తెల్లవారి మొదటి మూత్రమే మాకు కావాలి గనుక వరసగా కొన్ని రోజులు తనే సీసా పట్టుకొని బస్సులో వచ్చింది. ఒకరోజు వస్తూనే నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకొని నిలబడింది.

"డాక్టరమ్మా, ఇయ్యాల బస్సుల ఏమైందో ఎరికేనా? పక్కనామె నా సీస జూసి, 'నూనె మంచిగున్నది, ఏడ గొన్నవక్కా?' అనడిగింది!"

"మరి నువ్వేమన్నవ్?"

"'మా ఇంట్లనే తీసినం' అని చెప్పిన."

నేను డాక్టరమ్మను కానని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు. ఎక్స్-రేలో ఆమె కుడి కిడ్నీ మసకగా కనబడిందట. క్షయ క్రిమి ఉందని తేలితే కిడ్నీ తీసేస్తామని ఆసుపత్రిలో పెద్ద సర్జన్ చెప్పాడట. ఆ మాట చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు. "ఒకటి దీస్తే నీళ్ల బిందె ఎత్తగల్గుతనా అమ్మా? పాలు తాగే పిల్ల ఉన్నది," అంది. క్రిమి ఉందని మేం రిపోర్టు పంపాం. ఆపరేషన్‌కు రోజు పెట్టారు.

ఇంతలో మా ల్యాబు చూడడానికి బయటి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. అన్నీ చూసి, టీ తాగుతూ, "ఆరోగ్యంగా ఉన్నవాళ్లవి కూడా చూస్తున్నారు కదా?" అని అడిగాడు. సార్‌కు ఒళ్లు మండింది. అయినా ఆయన వెళ్లగానే మా ఇద్దరినీ పిలిచి, "రేపు ఇంటి సీసాలు తెండమ్మా," అన్నారు.

ఇంటి సీసాలు మా దగ్గర పాత ఆచారం. పోల్చి చూసుకోవడానికి జబ్బు లేనివాళ్ల మూత్రం కావాలి. వీధిలో వాళ్లను అడిగితే నవ్వుతారు. అందుకని మా మొగుళ్లవి, పిల్లలవి తెచ్చేవాళ్లం. అక్క అత్త మాత్రం, "నా ఒంటి నీళ్లు యూనివర్సిటీకి దేనికే?" అని ఒక్కసారి కూడా ఇవ్వలేదు. ఆ ఏడు పని ఎక్కువై ఈ ఆచారం వెనకబడిపోయింది. అలా మళ్లీ మొదలైన రోజునే మా పాప స్లైడులో ఎర్రపుల్లలు చూశాను.

వెంటనే మా ఆయన స్లైడు చూశాను. శుభ్రం. మా బాబుది శుభ్రం. అక్క ఇంటివి కూడా శుభ్రమే. మళ్లీ పాపది పెట్టాను. ఉన్నాయి.

నేను అక్కకు చెప్పలేదు. తలనొప్పి అని చెప్పి ఇంటికి వచ్చేశాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. రోజంతా ఆ సీసాల మధ్య పనిచేసి వచ్చి, అవే చేతులతో పిల్లకు అన్నం కలిపి పెడుతున్నాను. నేనే తెచ్చి అంటించానా?

ఇంటికి రాగానే పాప గ్లాసు, పళ్లెం వేరు చేశాను. వేడినీళ్లలో వేసి మరిగించాను. వాళ్లన్న మంచినీళ్లు తాగిన గ్లాసు పాప అందుకోబోతే లాక్కున్నాను. దాని బొంత వేరే మూలకు జరిపాను. ఇంకా బడికి పోని పిల్ల. గోడకు ఆనుకొని, "నేనేం జేసిన అమ్మా?" అంది. నేను ఆ గ్లాసును కూడా మరుగుతున్న నీళ్లలో వేశాను.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి ఇదంతా చూశాడు. "ఏందే, పిల్లను గట్ల ఎడంగ కూసోబెట్టినవ్?"

చెప్పాను. ఆయన వెళ్లి పాప నుదురు తాకి చూశాడు. తరువాత, "జొరం లేదు, మంటా లేదు. ఆడుకుంటున్నది, తింటున్నది," అన్నాడు.

"కిడ్నీల ఉంటే ఏళ్ల దాక ఏం తెల్వదు."

"సరే, కిడ్నీలనే ఉన్నది అనుకుందాం. మరి పళ్లెంల నుంచి అంటుకుంటదా?"

నిజమే. దగ్గు లేని క్షయకు పళ్లెంతో ఏం పని? ఎంతోమంది రోగుల ఇంటివాళ్లకు నేనే ఆ మాట చెప్పి పంపాను.

"సదువుకున్నదానివి, నాకంటే నీకే తెల్వాలె," అన్నాడు. ఎత్తిపొడుపే గానీ, దాంతో నా బుర్ర మళ్లీ పనిచేయడం మొదలుపెట్టింది.

స్లైడులో చూసిందంతా గుర్తు చేసుకున్నాను. ఎర్రపుల్లలు స్పష్టంగా కనబడేలా మర తిప్పినప్పుడు వెనకాల కణాలు మసకబారాయి. కణాలు తేటపడితే పుల్లలు మసకబారాయి. అంటే రెండూ ఒకే మట్టంలో లేవు. మూత్రంలోంచి వచ్చినవైతే కణాల మధ్యనే ఉండాలి కదా. ఇవి పైన ఎక్కడో తేలుతున్నట్టున్నాయి. తరువాత ఎప్పుడో వచ్చి వాలినట్టున్నాయి. ఇది ల్యాబు మనిషిగా ఆలోచిస్తున్నానా, తల్లిని కాబట్టి నచ్చిన ఆలోచనను పట్టుకుంటున్నానా? తెలియలేదు.

ఒకటి మాత్రం తెలిసింది. పాపది అబద్ధం కావాలని మనసు కొట్టుకుంటోంది. పాపది అబద్ధమైతే, అదే బల్ల మీద, అవే రంగులతో, ఇవే చేతులతో చేసిన మెట్టుగూడ ఆమె స్లైడు మాట ఏమిటి? ఆమె ఆపరేషన్ ఎల్లుండి.

మర్నాడు సార్ రాకముందే ల్యాబుకు చేరాను. అక్కకు అంతా చెప్పాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, "నిన్ననే చెప్పొద్దా చెల్లె? ఒక్కదానివే మోస్తవా?" అంది.

"అక్కా, ఏమీ లేని స్లైడ్లకు రంగులు ఏద్దాం."

"ఏమీ లేనిదాంట్ల ఏం గనబడ్తది?"

"కనబడొద్దనే చూస్తున్న."

కొత్త స్లైడులు కొన్ని తుడిచి, ఏమీ పూయకుండానే ఎర్రరంగు పోసి, వేడి చేసి, కడిగి, యాసిడ్ పోసి, కడిగి, నీలిరంగు పోసి, మళ్లీ కడిగాం. మొదటిది ఖాళీ. తరువాతిదీ ఖాళీయే. అక్క, "పనే లేకుంటే గిట్లనే ఉంటది," అని లేవబోయింది. ఆ తరువాతి దానిలో ఒక మూల, గుంపుగా, ఎర్రపుల్లలు. నేను జరిగి ఆమెను కూర్చోబెట్టాను. అక్క కన్ను ఆనించి మర అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఓ ప్రభువా," అంది. "గాజుకు క్షయ వచ్చింది చెల్లె."

ఇక రంగులు, యాసిడ్, నీళ్లు విడివిడిగా చూశాం. రంగు సీసాల్లో ఏమీ లేదు. అప్పుడే దించిన డిస్టిల్డ్ నీళ్లతో కడిగిన స్లైడులన్నీ ఖాళీగా వచ్చాయి. నల్లా దగ్గర నిలబడి దాన్ని తేరిపార చూశాను. ఇంతకుముందుకూ ఇప్పటికీ తేడా ఏమిటి? రబ్బరు గొట్టం.

మా నల్లా నీళ్లు చిమ్మేది. వానాకాలంలో ఒకరోజు అలా చిమ్మి సార్ తెల్లచొక్కా నిండా ఎర్రరంగు చుక్కలు పడ్డాయి. ఆ రంగు ఏ సబ్బుకూ పోదు. ఇంట్లో ఏం జరిగిందో సార్ చెప్పలేదు గానీ, తెల్లారి సుల్తాన్ బజారులో రబ్బరు గొట్టం కొనుక్కొచ్చి నల్లాకు స్వయంగా తొడిగారు. నీళ్లు బుద్ధిగా కిందికి జారసాగాయి. మా చీరలు కూడా బతికాయి. అందరం సంతోషించాం.

అక్క గొట్టం ఊడదీసి బ్లేడుతో నిలువునా చీల్చింది. లోపల వేలితో తాకితే జిగట. ఆ జిగట కొంచెం గీరి స్లైడు మీద పూసి రంగులు వేశాం. నీలం ఎక్కడా లేదు. అంతా ఎరుపే, జాతరలో జనంలా. నీళ్లలో బతికే ఏవో క్రిములవి. మనిషికి ఏ హానీ చేయవు. కానీ క్షయ క్రిమికి దాయాదులు కాబట్టి రంగు విషయంలో అదే మొండితనం. గొట్టంలో కాపురం పెట్టి, స్లైడులు కడిగినప్పుడల్లా కొన్ని కొట్టుకొచ్చి అంటుకుంటున్నాయి. ఒకదానికి అంటుతాయి, ఒకదానికి అంటవు. అందుకే మాకు అనుమానం రాలేదు.

సార్ వచ్చారు. స్లైడులన్నీ వరసగా చూశారు. లేచి చీల్చిన గొట్టాన్ని చేతిలోకి తీసుకున్నారు. ముఖం పాలిపోయింది. చివరికి, "ఇక నుంచి నీళ్లు మరిగించి వాడండి," అన్నారు.

"మరిగిస్తే సస్తయి గానీ, ఏడికి పోతయి సార్?" అంది అక్క. "సచ్చినా ఎర్రగనే కనబడ్తయి."

ఆయన చిన్నగా తల ఊపారు. "నిజమే. సరే, ఇవాళ్టి నుంచి డిస్టిల్డ్ వాటరే. పంపేసిన రిపోర్టులంటారా, గినీపిగ్గుల ఫలితాలు వస్తాయి కదా. అప్పుడు అన్నీ కలిపి సవరించి పంపుదాం."

"మెట్టుగూడ ఆమె ఆపరేషన్ రేపు సార్," అన్నాను. "గినీపిగ్గు చెప్పేలోపల ఆమె కిడ్నీ జాడీలో ఉంటుంది."

"ఆమెకు ఎక్స్-రే కూడా ఉందమ్మా. ఆమెది నిజంగానే క్షయ కావచ్చు."

"కావచ్చు సార్. నాకు తెలియదు. మీకూ తెలియదు. కానీ తెలుసని రాసి పంపాం."

సార్ ఎదుట అంత గట్టిగా నేను ఎన్నడూ మాట్లాడలేదు. "నిన్న ఆ పుల్లలు మా పాప స్లైడులో చూశాను సార్. అవి అబద్ధమని రుజువు చేద్దామనే పొద్దున్నే వచ్చాను. నా బిడ్డ స్లైడును అనుమానించినట్టే ఆమెదీ అనుమానించాలి కదా?"

సార్ కుర్చీలో కూలబడ్డారు. పాప విషయం ఆయనకు అప్పుడే తెలిసింది. ఆయన మంచివాడు, గర్విష్ఠి కూడా. ఆ రెండూ కాసేపు ఆయన లోపల పోట్లాడుకోవడం మేం చూస్తూ నిలబడ్డాం. తరువాత లేచి ఆఫీసు ఫోన్ దగ్గరికి వెళ్లారు. సర్జన్ ఆపరేషన్ గదిలో ఉన్నాడని జవాబు వచ్చింది. సార్ ఫోన్ పెట్టేసి, "ఇది ఫోన్‌లో చెప్పే మాట కూడా కాదులే. పదమ్మా," అని కారు తాళం తీసుకున్నారు.

మేం ఆసుపత్రికి చేరేసరికి సర్జన్ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. సార్ ఏదీ దాచకుండా అంతా చెప్పారు. గొట్టం తానే కొని తొడిగానని కూడా చెప్పారు. సర్జన్ విని పకపక నవ్వాడు.

"అరే, కమాల్ ఉన్నది ప్రొఫెసర్ సాబ్! పేషెంట్లను పంపితే మీరు నల్లాకు టీబీ పట్టిన్రా? ఇంక నల్లాకు కూడ సూదులు రాయమంటరా?"

సార్ చెవులు ఎర్రబడ్డాయి. తల మాత్రం దించలేదు. "నవ్వండి, నవ్వాల్సిందే. ఒక్క మాట చెప్పండి. మా రిపోర్టు అసలు లేదనుకొని ఆమె ఎక్స్-రే చూడండి. అప్పుడు కూడా రేపు కిడ్నీ తీస్తారా?"

సర్జన్ నవ్వు ఆగింది. ఎక్స్-రే తెప్పించి కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు.

"తియ్యను," అన్నాడు. "గా ఎక్స్-రే ఒక్కటే జూసి తియ్య."

ఆ తరువాత మేం వార్డుకు వెళ్లాం. ఆమె తల దువ్వుకొని, పిల్లను ఒళ్లో వేసుకొని కూర్చుంది. నన్ను చూసి ముఖం విప్పారింది. "ఏం డాక్టరమ్మా, గీడిదాక వచ్చినవ్? ఇంకో సీస గావాల్నా?"

"అవును, ఇంకోటి కావాలె."

"ఓయమ్మ! కిడ్నీ దీసినంక ఇయ్యాల్నా, ముందుగాలనే ఇయ్యాల్నా?"

"ముందుగాలనే. రేపు ఆపరేషన్ లేదు. మా పరీక్షల తప్పు జరిగింది."

ఆమె నన్ను కళ్లార్పకుండా చూసింది. "లేదంటే, ఆగిందా, మొత్తానికే పోయిందా?"

పోయిందని చెప్పాలని నోటి దాకా వచ్చింది. "ఆగింది," అన్నాను. "ఉన్నదో లేదో తెలిసిందాక ఆగింది."

"ఆగుడు కూడ మంచిదే," అని పిల్లను గుండెకు హత్తుకుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకే తేలికగా ఉండేది.

ఆ తరువాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆమె మడ్డి ఎక్కించిన గినీపిగ్గును అక్క కోసి చూస్తే ఎక్కడా ఏ మచ్చా లేదు. సర్జన్ మళ్లీ వెతికితే, మామూలు ఎక్స్-రేకు అందని రాయి ఒకటి మూత్రనాళంలో అడ్డంపడి ఉందని తేలింది. రాయి తీశారు. కిడ్నీ ఆమె దగ్గరే ఉంది. ఆమె బిందెలు మోస్తున్నట్టు కబురు కూడా పంపింది. సార్ పంపిన రిపోర్టులన్నీ ఒక్కొక్కటీ వెనక్కి తీసుకున్నారు. అవన్నీ అబద్ధాలు కాలేదు. కొందరికి నిజంగానే ఉందని గినీపిగ్గులు చెప్పాయి, వాళ్లకు మందులు మొదలయ్యాయి. సార్ అనుకున్నంతమందికి లేదు, అంతే. గొట్టం ముక్క ఒకటి ఆయన చాలా రోజులు బల్ల మీదే పెట్టుకున్నారు. కొత్తగా చేరినవాళ్లు అడిగితే, "నా పరిశోధన ఫలితం," అనేవారు. మా పాప రెండో స్లైడు నేను చూసి, అక్క చూసి, సార్ కూడా చూశారు. నీలం తప్ప ఏమీ లేదు.

కానీ ఆసుపత్రికి వెళ్లొచ్చిన మర్నాడు ఉదయం నాకు ఇవేవీ తెలియవు. గొట్టం తప్పు చేసిందని తెలుసు. మా పాప ఒంట్లో ఏముందో ఇంకా తెలియదు. కడిగిన సీసా పట్టుకొని వెళ్తే పాప చేతులు వెనక్కి పెట్టుకొని గోడకు అతుక్కుపోయింది. మంచం మీద నుంచి బాబు, "మొన్న మంచిగ పొయ్యలేదు గదా, అందుకే అమ్మకు కోపమొచ్చింది," అని వెక్కిరించాడు.

ఇద్దరినీ దగ్గరికి లాక్కొని కూర్చోబెట్టుకున్నాను.

"మొన్న పాప మంచిగనే ఇచ్చింది," అని చెప్పాను. "మేమే దాన్ని పాడునీళ్లతోటి కడిగినం. కడిగి, పాపకు జబ్బున్నదని భయపడ్డం. తప్పు పాపది గాదు, మాది. ఇయ్యాల నీళ్లు మార్చినం, అందుకే పాపను ఇంకొక్కసారి అడుగుతున్న. ఈసారి పరీక్ష ఏం చెప్తే అది వింటం. అది ఏం చెప్పినా సరే బిడ్డా, ఇయ్యాల్టి నుంచి నువ్వు అన్న పక్కలనే పండుకుంటవ్, అన్న గ్లాసులనే తాగుతవ్."